చీమకు ముందు ఈగ

చీమల్ని పెంచుదామనుకునే పిల్లలు మొదట అడిగేది రాణిచీమను ఎక్కడ పట్టాలని. తర్వాత గాజు గూడు ఎంతవుతుందని. మేత సంగతి ఆఖర్న వస్తుంది. వచ్చినా దానికి జవాబు వాళ్ళ దగ్గరే సిద్ధంగా ఉంటుంది: చక్కెర! పంచదార డబ్బా మూత సరిగా పడని ఇంట్లో పెరిగిన ఎవరికైనా అదే తోస్తుంది మరి.

ఆ జవాబు సగమే నిజం. ఎదిగిన చీమకు తీపి చాలు. దాని నడుము సన్నం, గొంతు ఇంకా సన్నం. గట్టి ముక్క ఏదీ లోపలికి దిగదు. నమిలినదాంట్లోని రసం మింగి, పిప్పిని నోటి అడుగునున్న చిన్న సంచిలో ఉండగట్టి బయటికి ఉమ్మేస్తుంది. తిరగడానికీ, మోయడానికీ ఆ రసమే బలం. పెరగాల్సింది మాత్రం లార్వా. కాళ్ళూ కళ్ళూ లేకుండా గూట్లో కుప్పగా పడి ఉండే ఆ తెల్లపురుగుకు మాంసకృత్తులు కావాలి. గుడ్లు పెట్టే రాణికీ కావాలి. తీపి ఒక్కటే దొరికే గూట్లో కూలిచీమలు చాలాకాలం బతికే ఉంటాయి. రాణి కొన్ని గుడ్లు పెడుతూనే ఉంటుంది. లార్వాలు మాత్రం ఎదగవు. ఆకలి ముదిరితే పెద్దచీమలే వాటిని తినేస్తాయి. పైనుంచి చూసేవాడికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది, గూడు మాత్రం ఎన్నాళ్ళకూ పెద్దదవదు.

కాబట్టి చీమల పెంపకంలో అసలు విద్య మేత పెంపకం. అందులో ఇన్నేళ్ళుగా నిలిచిన పద్ధతి ఒకటుంది: సీసాలో పండు ఈగల్ని పెంచడం. మగ్గిన అరటిపండు మీద ముసిరే ఆ చిన్న ఈగలే. పండు ఈగ అనగానే మామిడి రైతుకు గుర్తొచ్చేది వేరు. కాయను పొడిచి లోపల గుడ్లు పెట్టే బాక్ట్రోసెరా అది, దీనికంటే బాగా పెద్దది, పంటకు శత్రువు. మన సీసాలోకి వచ్చేది డ్రోసోఫిలా. పొడవు రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్లు. కళ్ళు ఎర్రన. కుట్టదు, కరవదు. పండు పులిస్తే తప్ప దాని జోలికి రాదు. నిజానికి దానికి కావలసింది పండు కాదు, పులిసిన పండు మీద పెరిగే ఈస్ట్. కల్లుకుండల చుట్టూ, జ్యూస్ బండి దగ్గరున్న తొక్కల గంప మీద అది తిరిగేది అందుకే.

ఇంత చిన్న ఈగే ఎందుకు కావాలో తెలియాలంటే గూడు ఎలా మొదలవుతుందో చూడాలి.

తొలకరి పడ్డాక సాయంత్రం దీపాల కింద రాలే రెక్కల పురుగులన్నీ చీమలు కావు. చాలావరకు ఉసిళ్ళు, అంటే చెదలు. ఉసిలికి నాలుగు రెక్కలూ ఒకే పొడవు, నడుము ఉండదు, మీసం తిన్నగా ఉంటుంది. చీమకు ముందు రెక్కలు పెద్దవి, నడుము సన్నం, మీసం మధ్యలో వంగుతుంది. ఆకాశంలో జతకట్టి కిందికి దిగిన రాణిచీమ తన రెక్కల్ని తానే విరుచుకుని, దాక్కునే చోటు కోసం నేలమీద పరుగులు పెడుతుంది. పట్టుకునేది అప్పుడే. మన ఊళ్ళలో కొత్తవాళ్ళకు తగినది నల్ల గండుచీమ. 1787లో ఫాబ్రిషియస్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త దాన్ని వర్ణించాడు. ఇప్పటి శాస్త్రనామం కాంపొనోటస్ కంప్రెసస్. (మన చీమల గురించి తొలినాళ్ళలో శ్రద్ధగా రాసినవాళ్ళలో ఒకడు నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డాన్. దక్షిణ భారతదేశపు చీమల పట్టికను ఆయన 1851లో మద్రాసు పత్రికలో అచ్చువేశాడు. పక్షుల పుస్తకాలతో వచ్చిన పేరు కింద ఆ పట్టిక మరుగున పడిపోయింది.)

గండుచీమ రాణిని సగం నీళ్ళు పోసి దూది బిగించిన టెస్ట్ ట్యూబులో వదిలి, చీకట్లో పెడితే చాలు. తిండి పెట్టక్కర్లేదు, పెట్టకూడదు కూడా. ఇక పనిలేని రెక్కల కండరాలు ఆమె ఒంట్లోనే కరుగుతాయి. ఆ సారంతోనే తొలి లార్వాల్ని సాకుతుంది. నెలా రెండు నెలల్లో నాలుగైదు కూలిచీమలు బయటికొస్తాయి. ఉన్న కాస్త సారంతో పెరిగినవి కనుక ఇవి మామూలు కూలిచీమల కంటే బాగా చిన్నవి, పిరికివి కూడా. రాణి ఒంట్లో నిల్వ అప్పటికి అడుగంటి ఉంటుంది. ఎక్కువ గూళ్ళు చచ్చేది ఇక్కడే. బొద్దింకను ముక్కలు చేసి వేస్తే ఆ పిరికి చీమలు దగ్గరికే రావు. ఆ ముక్క కుళ్ళి, ట్యూబంతా బూజు పడుతుంది. ఉడికిన గుడ్డు పచ్చసొన కొందరు పెడతారు. ఒక పూటకు పనికొస్తుంది గానీ మర్నాటికి కంపు. అదే ఒక్క పండు ఈగను వేస్తే, ఒక చిన్నచీమ దాన్ని ఒంటరిగా లార్వాల దగ్గరికి ఈడ్చుకుపోగలదు. చర్మం మెత్తన, లోపలంతా మేత. రాత్రికి రాత్రి పని ముగుస్తుంది. పొద్దున చూస్తే చెత్త కుప్పలో రెండు రెక్కలు, కాసిని కాళ్ళు, ఎర్రకళ్ళ తల మిగులుతాయి.

ఇంట్లో దొరికే పురుగుల్ని వేయకూడదనడానికి ఇంకో కారణం విషం. మన ఇళ్ళల్లో బొద్దింకలకు జెల్, దోమలకు చక్రం, గోడవారన చెదలమందు ఉండనే ఉంటాయి. పట్టపగలు తూలుతూ కనిపించిన బొద్దింక దాదాపు ఎప్పుడూ మందు తిన్నదే. దాన్ని గూట్లో వేస్తే, ఒక చీమ తిన్నది నోటి ద్వారా గూడంతటికీ పంచుతుంది. సీసాలో పుట్టిన ఈగ ఏం తిని పెరిగిందో మనకు తెలుసు. ఈ పద్ధతి విలువలో సగం ఈ ఒక్క ముక్కలోనే ఉంది.

సీసాలో ఈగల పెంపకం చీమలవాళ్ళు కనిపెట్టింది కాదు. జన్యుశాస్త్రం దగ్గర్నుంచి వచ్చిన అప్పు అది. 1901 ప్రాంతాల్లో హార్వర్డ్‌లో విలియం కాజిల్ బృందం ఈ ఈగల్ని తరాలపాటు పెంచి చూసింది. తర్వాత న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో థామస్ హంట్ మోర్గాన్ ఒక ఇరుకు గదిలో ఎనిమిది బల్లలు వేసి, పాలసీసాల్లో అరటిపండు పెట్టి ఈగల్ని పెంచాడు. 1910లో ఒక సీసాలో ఎర్రకళ్ళ ఈగల మధ్య తెల్లకళ్ళ మగ ఈగ కనిపించింది. వారసత్వ లక్షణాలు క్రోమోజోముల మీద ఉంటాయనడానికి గట్టి ఆధారం దాని సంతతిలోనే దొరికింది. 1933లో మోర్గాన్‌కు నోబెల్ వచ్చింది. ఆయన శిష్యుడు కాల్విన్ బ్రిడ్జెస్ అరటిపండు గుజ్జుతో విసిగి, మొక్కజొన్న పిండి, బెల్లపు పాకం లాంటి మొలాసిస్, అగార్ కలిపి గట్టిపడే మేతను రూపొందించాడు. నేటికీ ప్రపంచంలోని చాలా ల్యాబులు దాని రూపాంతరాలే వండుతున్నాయి. ఇవాళ కుర్రాడు చీమల కోసం రవ్వ ఉడికిస్తున్నాడంటే బ్రిడ్జెస్ వంటకమే వండుతున్నాడన్నమాట.

ఇక పట్టడం. సాయంత్రం పూట చేయాలి. ఈ ఈగలు ఎక్కువగా కదిలేది తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ. మిట్టమధ్యాహ్నం సీసా పెట్టి ఈగ రాలేదని విసుక్కోవద్దు. నల్లమచ్చలు పడ్డ అరటిపండు ముక్కను గాజు సీసా అడుగున వేసి, మీద చిటికెడు ఈస్ట్ చల్లాలి. చెంచాడు కల్లు దొరికే ఊరైతే ఈస్ట్ అక్కర్లేదు. కాగితాన్ని గరాటులా చుట్టి, కొస దగ్గర అగ్గిపుల్ల దూరేంత సందు ఉంచి సీసా మూతిలో దించాలి. వాసన పట్టి లోపలికి దిగిన ఈగ మళ్ళీ పైకి ఎగిరి సీసా గోడ వెంబడి వెతుకుతుందే తప్ప మధ్యలో ఉన్న సందు దాని కంటబడదు. మర్నాడు గరాటు తీసి గుడ్డ కట్టి రబ్బరు బ్యాండు వేస్తే సరి. వెనిగర్లో సబ్బు చుక్క వేసి పెట్టే ఎర మాత్రం ఈగల్ని చంపడానికి పనికొచ్చేది. దాంట్లో మునిగిన ఈగను చీమకు వేయొద్దు.

పడ్డవన్నీ పనికిరావు. భూతద్దం పెట్టి చూడాలి. గూనివీపుతో, ఎగరడం మానేసి ఆగి ఆగి పరిగెత్తేది ఫోరిడ్ ఈగ. అది సీసాలో చొరబడితే మన ఈగల మేతంతా దానిదే. పైగా ఆ కుటుంబంలోనే చీమల ఒంట్లో గుడ్లు పెట్టే జాతులున్నాయి. బొచ్చు రెక్కల్ని ఇంటికప్పులా పరుచుకుని కూర్చునేది బాత్రూమ్ కాలువ ఈగ. ఈ రెండూ కనిపిస్తే బయట పారేయాలి. ఒంటిమీద నిలువునా తెల్లచారలున్న గోధుమరంగు ఈగ వస్తే మాత్రం కాస్త ఆగి చూడండి. అది జాప్రియోనస్ ఇండియానస్. 1970లో గుప్తా అనే మన దేశపు శాస్త్రవేత్త దాన్ని ఇక్కడి నమూనాలతో వర్ణించాడు. తర్వాత అదే ఈగ బ్రెజిల్ అంజూర తోటల్లో దిగి రైతుల్ని నష్టపెట్టి ప్రపంచానికి తెలిసింది. చీమలకు దానితో ఏ పేచీ లేదు, శుభ్రంగా తింటాయి.

వలలో పడ్డ ఈగల్ని నేరుగా చీమలకు వేయకపోవడమే మంచిది. అవి ఏ మందు కొట్టిన పండు మీద వాలి వచ్చాయో ఎవరికి తెలుసు? వాటిని తల్లులుగా వాడి, వాటి పిల్లల్నే మేతగా వేయాలి. ఒక తరం ఆగే ఓపిక లేనివాడికి చీమలు అచ్చిరావు.

మేత వండటానికి మైసూరు విశ్వవిద్యాలయం పద్ధతి మన వంటింటికి బాగా నప్పుతుంది. డ్రోసోఫిలా పరిశోధనలో ఆ విశ్వవిద్యాలయానికి పాత పేరు. అక్కడివాళ్ళు మొక్కజొన్న, మొలాసిస్ వదిలేసి గోధుమ రవ్వ, బెల్లం తీసుకున్నారు. లీటరు నీటికి నూరు గ్రాముల బెల్లం, నూరు గ్రాముల రవ్వ, ఎనిమిది గ్రాముల అగార్, బూజు రాకుండా ఏడున్నర మిల్లీలీటర్ల ప్రొపియోనిక్ ఆమ్లం. ఇంట్లో ఒకరిద్దరికి పావు లీటరు చాలు: పాతిక గ్రాముల బెల్లం, పాతిక గ్రాముల రవ్వ, రెండు గ్రాముల అగార్. కిరాణా కొట్లో చైనా గ్రాస్ పేరుతో అమ్మేది ఈ అగారే. ప్రొపియోనిక్ ఆమ్లం ఘాటైనది, చర్మాన్ని కాల్చేది. పిల్లలున్న ఇంట్లో దాని బదులు రెండు చెంచాల వెనిగర్ వేసి, సీసాను కాస్త ముందుగా మార్చుకోవడం మేలు. ముందు చైనా గ్రాస్ నీళ్ళలో కరగనిచ్చి, బెల్లం వేసి వడగట్టి, రవ్వను ఉండ కట్టకుండా పోస్తూ కలపాలి. ఉప్మా చేయడం వచ్చినవాళ్ళకు ఇంకేమీ చెప్పక్కర్లేదు. దించి కాస్త చల్లారాక వెనిగర్ కలిపి, సీసాల్లో అంగుళం ఎత్తున పోసి, వెంటనే గుడ్డ కప్పాలి. గుడ్డ కప్పకపోతే ఊళ్ళో ఈగలన్నీ వచ్చి గుడ్లు పెట్టిపోతాయి. సీసా గోడకు పట్టిన చెమట ఆరేదాకా ఒక రోజు ఆగాలి. తడిలో ఈగ రెక్కలు గాజుకు అతుక్కుని చస్తుంది. ఆరాక పైన నాలుగు ఈస్ట్ పలుకులు చల్లి, మడతలు పెట్టిన అట్టముక్కో కాగితమో గుచ్చితే సీసా సిద్ధం. లార్వాలు ప్యూపా అయ్యే ముందు తడి వదిలి పైకి పాకుతాయి. ఆ కాగితం వాటి కోసమే.

అరటిపండు గుజ్జుతోనే సరిపెట్టుకుంటామంటే సరిపెట్టుకోవచ్చు. గుజ్జు వారానికే నీరుకారుతుంది, లార్వాలు అందులో తేలుతూ ఊపిరాడక పోతాయి. అందులో పొడి రవ్వో అటుకుల పొడో కలిపి గట్టిగా చేసుకోవాలి.

సీసాకు ఇరవై ముప్పై ఈగలు చాలు. ఆడా మగా తేడా తెలుసుకోవడం కష్టం కాదు. మగ ఈగ చిన్నది, పొట్ట కొస నల్లగా గుండ్రంగా ఉంటుంది, ముందుకాళ్ళ మీద నల్లటి చిన్న దువ్వెన ఉంటుంది. ఆడ ఈగ పొట్ట చారలతో సూదిగా ముగుస్తుంది. ఇరవై అయిదు డిగ్రీల దగ్గర గుడ్డు ఒక రోజులో పగులుతుంది. లార్వా రెండుసార్లు కుబుసం విడిచి నాలుగైదు రోజులు తింటుంది. మరో నాలుగు రోజులు ప్యూపా. పదోరోజుకు కొత్త ఈగ. మోర్గాన్‌కు ఈ ఈగ నచ్చింది ఈ వేగం వల్లే, చీమలవాడికి నచ్చేదీ ఇందువల్లే. ప్యూపా నుంచి ఈగ వెలువడేది ఎక్కువగా తెల్లవారే వేళ. లోపల ఒక గడియారం ఉండి ఆ ఘడియకే తలుపు తీస్తుంది. 1971లో రొనాల్డ్ కొనోప్కా, సేమూర్ బెంజర్ ఆ వేళ తప్పిన ఈగల్ని పట్టుకుని గడియారపు జన్యువును గుర్తించారు. 2017 నోబెల్ ఆ దారిలో నడిచినవాళ్ళకు దక్కింది. మనకు పనికొచ్చే సంగతి ఏమంటే, సీసా నుంచి ఈగల్ని తీసుకునే పని ఉదయం పెట్టుకోవాలి.

తీసుకోవడానికి ల్యాబుల్లో ఒక ఒడుపు ఉంది. మడతపెట్టిన తువ్వాలు మీద సీసాను మెత్తగా రెండుసార్లు కొడితే ఈగలు అడుక్కి రాలతాయి. ఆ క్షణంలో గుడ్డ తీసి, కొత్త సీసాను దాని మూతికి మూతి ఆనించి పైన బోర్లించాలి. ఈగ స్వభావం పైకి ఎక్కడం, వెలుగుకు పోవడం. కింది సీసాకు నల్లగుడ్డ చుట్టి పై సీసాను కిటికీ వైపు పెడితే నిమిషంలో అవన్నీ కొత్త ఇంట్లో ఉంటాయి. చేయి తిరిగేదాకా కొన్ని వంటింట్లో తిరుగుతాయి, ఇంట్లోవాళ్ళ చేత మాటలు పడాల్సి వస్తుంది, తప్పదు.

రెండు వరుసలు నడపాలి. ఒక వరుస చీమలకు, రెండోది తర్వాతి తరానికి. విత్తనపు గింజలు వండుకుని తినకూడదన్న రైతు నియమమే ఇక్కడా. వారం పదిరోజులకోసారి కొత్త సీసా మొదలుపెట్టి, మీద తేదీ రాయాలి. నెల దాటిన సీసాను ఎంత ముచ్చటగా ఉన్నా పారేయాలి. పాత సీసాలో నల్లులు చేరతాయి, అంటే కంటికి ఆనీ ఆనని మైట్‌లు. అవి ఈగల ఒంటికి అంటుకుని చీమల గూట్లోకి ప్రయాణిస్తాయి. పారేసే ముందు రాత్రంతా ఫ్రీజర్లో పెడితే బతికున్నదేదీ బయటికి పోదు.

ఇంకో బెడద వినడానికి హాస్యంగా ఉంటుంది: చీమలు. మనం పెంచే చీమలు కాదు, గోడలోని చీమలు. బెల్లం, రవ్వ, పురుగులు ఒక్కచోట ఉంటే అవి ఊరుకుంటాయా? గుడ్డ నేతలోంచి దూరి, ఒక రాత్రిలో లార్వాలన్నీ మోసుకుపోతాయి. నీళ్ళు పోసిన పళ్ళెంలో సీసాలు నిలబెట్టడమే మందు. ఇంగ్లండ్‌లో చీమల పెంపకానికి దారి వేసిన జాన్ లబ్బక్ కూడా తన గాజు గూళ్ళను నీటి కందకం మధ్య స్తంభం మీద నిలబెట్టాడు. ఆయన మాత్రం చీమలు బయటికి పోకుండా పెట్టాడు. 1882లో వచ్చిన ఆయన పుస్తకం ఈ పనికి ఆదిగ్రంథం లాంటిది. ఆయన దగ్గరున్న ఒక రాణిచీమ 1888 దాకా, దాదాపు 15 ఏళ్ళు బతికింది. గూడు పెట్టేవాళ్ళు ఈ అంకె దగ్గర ఒక్క క్షణం ఆగాలి. పదిరోజులకో తరం చొప్పున 15 ఏళ్ళు ఈగల్ని నడపాలంటే అయిదు వందల తరాలు దాటుతాయి.

తెలుగు నేల మీద ఈ పనికి అసలైన పరీక్ష మే నెల. ల్యాబుల్లో పెంచే జాతి డ్రోసోఫిలా మెలనోగాస్టర్ 30 డిగ్రీలు దాటిన చోట పెరిగితే మగ ఈగలకు సంతానశక్తి పోతుంది. వేడిదేశాల ఈగలు ఒక డిగ్రీ ఎక్కువ ఓరుస్తాయి, అంతే. రెంటచింతలలో, రామగుండంలో, ఆ మాటకొస్తే బెజవాడ మేడ మీద గదిలో ఆ ఒక్క డిగ్రీ ఏం చేస్తుంది? ఈగలు ఎగురుతూనే ఉంటాయి, గుడ్లూ కనిపిస్తాయి, లార్వాలు మాత్రం ఉండవు. మేత పాడైందని సీసాలు మార్చి మార్చి విసిగిపోతారు. లోపం మేతలో లేదు. పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, చిన్న కుండలో సీసాలు పెట్టి తడిగుడ్డ కప్పితే, గాలి ఆడే చోట గది కంటే ఎన్నో డిగ్రీలు చల్లగా ఉంటుంది. కోస్తాలో ఉక్కపోత రోజుల్లో ఈ ఉపాయం అంతగా పారదు. అక్కడ ఏసీ గది నేల మీదే చోటు వెతకాలి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, ఆ చలికి ఎదుగుదల ఆగిపోతుంది, కొన్నాళ్ళకు చస్తాయి. చలికాలం బెంగ లేదు. 18 డిగ్రీల దగ్గర తరం నడవడానికి రెట్టింపు రోజులు పడతాయి, చీమలు కూడా అప్పుడు తక్కువే తింటాయి.

చీమలకు వేయడం సులువు. సీసాను ఫ్రిజ్‌లో అయిదు పది నిమిషాలు ఉంచితే ఈగలు కదలకుండా పడిపోతాయి. కావలసినన్ని మేత ఆవరణలోకి వంచి మిగతావి బయట పెడితే తేరుకుంటాయి. కొత్త గూడుకు చంపిన ఈగే వేయాలి, వారానికి రెండుసార్లు ఒకటో రెండో. వందమంది కూలీలున్న గూడుకు చల్లబడ్డ ఈగల్ని బతికుండగానే వేస్తే వేట చూడొచ్చు. గండుచీమ దవడతో పట్టి, పొట్టను ముందుకు వంచి ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతుంది. లెక్క ఒక్కటే: రాత్రి వేసింది పొద్దుటికి మిగలకూడదు. మిగిలితే తీసేసి, ఈసారి తగ్గించాలి. పక్కన తేనెనీళ్ళ దూది ఎప్పుడూ ఉండాలి. గండుచీమ కడుపులో బ్లాక్‌మానియా అనే బాక్టీరియా తరతరాలుగా కాపురముండి, దానికి అవసరమైన అమైనో ఆమ్లాలు తయారుచేసి పెడుతుంది. మేత తగ్గిన వారాన్ని గండుచీమ ఓర్చుకోవడానికి అదొక కారణం. దక్షిణాది అడవుల్లో గెంతి వేటాడే హార్పెగ్నాథస్‌కు ఆ సౌకర్యం లేదు, కదిలే ఎర లేకపోతే దానికి ఆసక్తీ ఉండదు. కొత్తవాళ్ళు దాని జోలికి పోవద్దు.

ఎగిరే ఈగలతో వేగలేనివాళ్ళ కోసం ఎగరలేని రకాలున్నాయి. మోర్గాన్ గదిలో బయటపడ్డ ఉత్పరివర్తనాల్లోనే ముడుచుకుపోయిన రెక్కలది ఒకటి, వెస్టిజియల్ అంటారు. రెక్కలే లేనిది మరొకటి. విదేశాల్లో పెంపుడు జంతువుల దుకాణాలు వీటిని సీసాల్లో అమ్ముతాయి. సౌకర్యమే, కానీ రెండు మెలికలున్నాయి. వేడి పెరిగితే వెస్టిజియల్ ఈగకు రెక్కలు కొంత పెరుగుతాయి. మన ఎండాకాలానికి ఇది చిన్న విషయం కాదు. రెండోది, ఆ లక్షణం అంతర్గతమైనది, తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తేనే పైకి కనిపిస్తుంది. వంటింటి మగ ఈగ ఒక్కటి సీసాలో దూరిందా, దానికి పుట్టిన పిల్లలన్నీ ఎగురుతాయి. ఆ పిల్లలకు పుట్టే పిల్లల్లో నాలుగింట ఒకటి మళ్ళీ రెక్కల్లేకుండా పుడుతుంది. పదో తరగతి పిల్ల ఈ లెక్కను పాఠంలో బఠాణీ మొక్కల మీద చదువుతుంది. సీసాలో చూస్తే ఇక మరిచిపోదు. రెక్కల గొడవే వద్దనుకుంటే లార్వాలనే వేయొచ్చు. మేత ముద్దను చక్కెర బాగా కరిగించిన నీళ్ళలో కలిపితే లార్వాలు పైకి తేలతాయి, జల్లెడలో కడిగి వేయడమే.

ఈ పనికి ఏం విలువ ఉందని అడిగేవాళ్ళకు నాకు తోచే జవాబు ఖర్చుతో మొదలవుతుంది. పావుకిలో రవ్వ, బెల్లం, నాలుగు ఖాళీ సీసాలు. హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థలో, బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జన్యువుల మీద పరిశోధించేవాళ్ళు పెంచేదీ ఈ ఈగనే. బొంబాయి టీఐఎఫ్‌ఆర్ పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త ఒబైద్ సిద్దిఖీ వాసన, రుచి మెదడుకు ఎలా తెలుస్తాయో 1970ల్లో అడిగింది ఈ ఈగనే. ప్రభుత్వ బడిలో మైక్రోస్కోపు లేకపోయినా ఒక భూతద్దం, ఒక సీసా ఉంటే గుడ్డు నుంచి ఈగదాకా పదిరోజుల పాఠం బల్ల మీదే నడుస్తుంది. చీమల గూడు దానికి రెండో అధ్యాయం.

కొనుక్కునే చీమల మీద నాకు గౌరవం లేదు. 2025లో కెన్యాలో ఇద్దరు బెల్జియం కుర్రాళ్ళు టెస్ట్ ట్యూబుల్లో దాదాపు 5,000 చీమలతో పట్టుబడ్డారు, చాలావరకు రాణులే. కోర్టు జరిమానా వేసింది. ఒక్కో రాణి పోయినప్పుడు అక్కడ మొదలు కావలసిన ఒక్కో గూడు పోయినట్టే. చొరబడే చీమ ఒకటి అదుపు తప్పితే ఏమవుతుందో చెప్పడానికి తమిళనాడులోని దిండిగల్ జిల్లా కరంతమలై పల్లెలున్నాయి. 2022లో పసుపు పిచ్చిచీమలు అక్కడి పశువుల్నీ పొలాల్నీ వదలలేదు. మన వాకిట్లో దిగిన రాణి మనకు చాలు, అదీ ఒక్కటి.

ఈ పని మొదలుపెట్టదలిచినవాళ్ళు వానాకాలం దాకా ఆగకండి. జనవరి, ఫిబ్రవరిల్లో ఈగల సీసా పెట్టండి. మే నెల ఎండ దాటించి జూన్‌లో రెండు సీసాలు నిండుగా ఉంచగలిగితే, తొలకరి సాయంత్రం టెస్ట్ ట్యూబు పట్టుకుని దీపం కిందికి వెళ్ళండి. సీసాలు నిలబడకపోతే ఆ ఏడాదికి రాణిని ముట్టుకోవద్దు, దాని దారిన దాన్ని పోనివ్వండి.